బెల్లాన్ని ఏమంటారు మరి

ఆదివారం కాలనీ సమావేశంలో ఒకాయన అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. వానలు పడగానే పార్కులో ఏ మొక్కలు పెట్టాలన్న చర్చ వచ్చింది. మేడ మీద పెంచుతున్న ఇప్పమొక్కల్లో ఒకటి ఇస్తానన్నాను. "సారా చెట్టా మేడమ్? పిల్లలు ఆడుకునే చోటా?" అని నవ్వారు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. చివరికి కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలను వరసగా పెట్టాలని తేల్చారు. మొక్కలు నాటే హరితహారం కార్యక్రమంలో దాన్ని నాటవద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పిందని గుర్తు చేశాను. వినిపించుకున్నవారు లేరు.

ఇప్పపువ్వుతోనే కాదు, బెల్లంతోనూ సారా కాస్తారు. అందుకని దేవుడికి బెల్లం నైవేద్యం పెట్టడం మానేశామా? ఈ మాట అక్కడ నోటికి రాలేదు. ఇప్పుడు రాత్రి పన్నెండింటికి వస్తోంది.

నాన్న ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర బడిలో పనిచేసిన రోజులు గుర్తొస్తున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఊరు కదిలేది. ఆకులన్నీ రాలిన ఇప్పచెట్టు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూసేది. రాత్రంతా గబ్బిలాలు తిరిగేవి. తెల్లవారుజామున పువ్వు రాలడం మొదలయ్యేది. లేత పసుపు రంగులో, కండగా, ఉబ్బిన మువ్వలా ఉండేది. నొక్కితే వేళ్లు జిగటగా అంటుకునేవి. మా పక్కింటి గోండు అవ్వ ముందు ఒక గుప్పెడు చెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుని, తర్వాతే బుట్ట ముట్టుకునేది. మమ్మల్నీ అంతవరకు నోట్లో వేసుకోనిచ్చేది కాదు. ఏరిన పువ్వు వాకిట్లో ఎండి నాలుగు రోజుల్లో ఎండుద్రాక్ష రంగుకు తిరిగేది. దాన్ని వేయించి, నువ్వులతో దంచి ముద్దలు చేసి పెట్టేది. బడికి ఆకలితో వచ్చే పిల్లల జేబుల్లో అవే ఉండేవి. అడవిలో తిండి అంతగా దొరకని ఎండాకాలంలో ఆ ఇళ్లను నడిపింది ఆ పువ్వే. వానాకాలం వస్తే కాయలు. ఆ పలుకులు గానుగాడిస్తే నూనె. ఇదంతా తెలియనివాళ్లకు సారా ఒక్కటే తెలుసు!

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఈసారి సమావేశానికి ఒక డబ్బా తీసుకెళ్లి మాట్లాడకుండా బల్ల మీద పెట్టాలని ఉంది.

ఇంతసేపు కోపంగా రాశాను గానీ, ఆలోచిస్తే ఆ పార్కులో ఇప్ప వద్దేమో అనిపిస్తోంది. పదిహేను, ఇరవై మీటర్లు పెరిగి గొడుగులా విస్తరించే చెట్టు. ఎనిమిదేళ్లకో పదిహేనేళ్లకో గానీ పూయదు. పూసినా ఆ టైల్స్ మీద రాలిన పువ్వును చీపురుతో ఊడ్చి చెత్తబండిలో వేస్తారు. ఆ పని చూడలేను.

అడవిలోనైనా దానికి సుఖం లేదు. పువ్వు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు. పెద్ద చెట్టు తట్టుకుంటుంది, కింద మొలిచిన పిల్ల మొక్క మాడిపోతుంది. అందుకే ముసలి చెట్లున్న చోట కూడా లేత చెట్లు కనిపించవు. కింద వల పరిస్తే ఏ నిప్పూ అక్కర్లేదు. ఆ వల కొనే డబ్బు వాళ్లకు ఎవరిచ్చారని అడిగితే మళ్లీ నాకే కోపం వస్తుంది.

విత్తనం కావాలని అడిగినవాళ్లకు ఒకటే మాట: నిలవ గింజ కొనకండి. నూనె గింజ కదా, రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. జూన్, జూలైలో పండి రాలిన కాయ గుజ్జు తీసి, గోధుమరంగులో నిగనిగలాడే గింజను వెంటనే రెండు సెంటీమీటర్ల లోతున నాటాలి. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచి చాలు. సంచి పొడుగ్గా ఉండాలి. ఆకులు నాలుగు రాకముందే తల్లివేరు అడుగుకు దిగుతుంది. సాయంత్రం ఒక సంచి ఎత్తబోతే రాలేదు. కింది రంధ్రంలోంచి వేరు బయటికొచ్చి మేడ పగులులోకి దూరింది. ఇక సంచిలో ఉంచితే వేరు చుట్టుకుపోతుంది. ఈ వానలకే నేలలో పెట్టాలి. నీడలో ఎదగదు, నీరు నిలిచే చోట బతకదు. గుంత మూరెడు లోతైనా ఉండాలి. ఎండను మాత్రం బాగా ఓర్చుకుంటుంది.

ఆసిఫాబాద్‌లో చిన్నక్క వాళ్ల చేను గట్టు బాగుంటుంది, ఎత్తుగా ఉంటుంది. బావగారు టేకు పెట్టమంటారు, అది నేను చూసుకుంటాను. మేకలకు అందకుండా చుట్టూ కంప ఎవరు కట్టిస్తారో అక్కను రేపే అడగాలి.