రీకాల్ పని అయ్యాక కూడా మొరాయించిన పవర్ స్టీరింగ్: నా అనుభవం

కంపెనీ నుంచి రీకాల్ మెసేజ్ వచ్చేనాటికి మా బండికి ఏ ఇబ్బందీ లేదు. పవర్ స్టీరింగ్‌లో లోపం ఉండే అవకాశం ఉంది, తీసుకొస్తే ఉచితంగా సరిచేస్తాం అని అందులో ఉంది. 60 లక్షలు దాటిన ఎస్‌యూవీ. నల్గొండలో ఆ కంపెనీకి సర్వీస్ సెంటర్ లేదు కాబట్టి ఏ చిన్న పనికైనా హైదరాబాద్ పోవాల్సిందే. బత్తాయి సీజన్ ముదరకముందే పని అయిపోతుందని తీసుకెళ్లి ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ మార్చి, బండి కడిగి, సాయంత్రానికి అప్పగించారు. స్టీరింగ్ మొరాయించడం ఆ తర్వాతే మొదలైంది.

మొదటిసారి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర. క్యూలో లైను మారబోతుంటే చక్రం ఒక్కసారిగా బిగిసిపోయింది. మీటర్ బోర్డు మీద ఎర్రటి స్టీరింగ్ గుర్తు వెలిగింది. వెనకాల లారీ వాడు హారన్ ఆపడు. రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పితే కొంచెం కొంచెంగా తిరిగింది. ఎలాగోలా పక్కకు తీసి, ఇంజన్ బంద్ చేసి మళ్లీ స్టార్ట్ చేశాను. ఏమీ జరగనట్టు ఒక్క వేలితో తిరుగుతోంది, ఎర్ర లైటు కూడా పోయింది. తర్వాత మాకు వచ్చిన తలనొప్పి అంతా ఇక్కడి నుంచే. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మాయమయ్యే లోపాన్ని సర్వీస్ సెంటర్ వాళ్లకు చూపించేదెలా?

ఇప్పటి చాలా బండ్లలో పవర్ స్టీరింగ్‌కు ఆయిల్ పంపు ఉండదు, ఎలక్ట్రిక్ మోటారే ఉంటుంది. మనం చక్రాన్ని ఎంత బలంతో తిప్పుతున్నామో ఒక సెన్సార్ కొలుస్తుంది, దాన్ని బట్టి మోటారు సాయం చేస్తుంది. ఆ సాయం ఆగిపోయినా చక్రానికీ టైర్లకూ ఇనుప లింకు ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది. కాకపోతే రెండు టన్నుల బండి, వెడల్పు టైర్లు. మెల్లగా పోతున్నప్పుడే మరీ బరువు. అలాంటప్పుడు గాభరాపడి చక్రం వదలకూడదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గిస్తూ పక్కకు రావాలి.

సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ కుర్రాడు మర్యాదస్తుడే. స్కానర్ పెట్టి చూశాడు, ఒక రౌండు తిప్పి తెచ్చాడు. "ప్రాబ్లం ఏం లేదు సార్, బండి మంచిగనే ఉంది" అన్నాడు. జాబ్ కార్డు, అంటే బండికి చేయాల్సిన పని రాసుకునే కాగితం చూస్తే "స్టీరింగ్ చెక్ చేయాలి" అని మూడే మాటలు. అదేదో గుడ్డలు ఇస్త్రీకి వేసినట్టు. నేను సంతకం పెట్టలేదు. "రీకాల్ పని తర్వాత, బండి నడుస్తుండగా పవర్ అసిస్ట్ పూర్తిగా పోయింది, ఎర్ర లైటు వచ్చింది" అని తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా రాయించాను. కుర్రాడికి నచ్చలేదు, మేనేజర్‌ను పిలిచాడు. ఆయనకూ నచ్చలేదు. అయినా రాశారు.

స్కాన్ రిపోర్టు ప్రింట్ ఇవ్వమంటే కంపెనీ పాలసీ ఒప్పుకోదన్నారు. ఇంటికొచ్చి, జరిగింది మొత్తం ఆ రాత్రే ఈమెయిల్ చేశాను. రిపోర్టు అడిగాననీ, ఇవ్వలేదనీ అందులో రాశాను. మా ఊళ్లో చాలామంది ఇలాంటివి ఫోన్లోనే మాట్లాడి వదిలేస్తారు. ఫోన్లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు, వాళ్లకైతే అసలే గుర్తుండదు.

మళ్లీ బిగుసుకుపోయినప్పుడు పక్కన ఉన్న మా అబ్బాయి మీటర్ బోర్డును వీడియో తీశాడు. లైటు, కిలోమీటర్లు, టైము అన్నీ కనబడుతున్నాయి. అది పంపాక వాళ్ల ధోరణి మారింది. వారంటీ కింద స్టీరింగ్ ర్యాక్ (చక్రం తిప్పితే టైర్లను తిప్పే భాగం) మొత్తం కొత్తది వేశారు. హమ్మయ్య అనుకున్నాం. వానలు పడ్డాక ఒకరోజు పానగల్ వైపు గుంతల్లో దిగి లేచేసరికి మళ్లీ అదే ఎర్ర లైటు! ఈసారి ఆఫ్ చేసి ఆన్ చేసినా వెంటనే పోలేదు. టోయింగ్ బండి పిలిపించాం. ఇక ఆ కారు ఎక్కనంటే ఎక్కనంది మా ఆవిడ.

రీకాల్ అంటే రోగం కుదిరినట్టే అనుకుంటాం. కంపెనీ తాను కనిపెట్టిన కారణానికే రీకాల్‌లో మందు వేస్తుంది. మన బండికి అదే లక్షణం వేరే కారణంతో వస్తుంటే ఆ మందు పనిచేయదు. 2022లో టెస్లా అమెరికాలో 40 వేలకు పైగా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను రీకాల్ చేసింది. అక్కడా గతుకుల్లో పడ్డాక పవర్ స్టీరింగ్ సాయం ఆగిపోవచ్చన్నదే లోపం, విరుగుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అక్కడ అది సరిపోతుంది. మా బండికి మాత్రం సాఫ్ట్‌వేరూ కొత్త ర్యాకూ రెండూ సరిపోలేదు.

ఫిర్యాదుల సంగతి క్లుప్తంగా చెప్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, కంపెనీకి పంపుతారు. వాళ్లు తీర్పులు చెప్పరు. అయితే అప్పటిదాకా డీలర్ దగ్గరే ఆగిన మా గోడు దాంతో కంపెనీ హెడ్డాఫీసుకు చేరింది. రెండోది, కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లోని వాహన రీకాల్ పేజీ. మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఏ సెక్షన్ కింద 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు బండ్ల లోపాల మీద యజమానులు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. దాంతో మన బండి బాగుపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఒకే మోడల్ మీద ఫిర్యాదులు పేరుకుంటే ప్రభుత్వం విచారణ చేయించేందుకు అది. అయినా చేశాను, రేపు ఇంకొకడికి పనికొస్తుంది.

మా బామ్మర్ది వకీలు. నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామన్నాను. "కుదరదు బావా, నువ్వు కట్టింది 50 లక్షలు దాటింది కదా" అన్నాడు. 2021 డిసెంబరులో వచ్చిన రూల్స్ ప్రకారం చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. చూసేది కట్టిన ధరనే, మనం అడిగే పరిహారాన్ని కాదు. మా లెక్కకు ఫీజు 2,000 రూపాయలే. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి సైట్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. తయారీ లోపమా కాదా అన్నది తేల్చేందుకు కమిషన్ బండిని ల్యాబ్ పరీక్షకు పంపగలదు. కాకపోతే అన్నాళ్లూ బండి ఏ స్థితిలో ఉందో చూపే కాగితాలు మన దగ్గర ఉండాలి. నా జాబ్ కార్డుల కట్ట చూసి "సగం పని నువ్వే చేసినవ్" అని ముందు లీగల్ నోటీసు రాశాడు, డీలర్‌కూ కంపెనీకీ కలిపి.

నోటీసు అందాక కంపెనీ తరఫున ఒక ఇంజనీరు నల్గొండ వచ్చాడు. మీ హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద కాదు, మా రోడ్ల మీద తిప్పి చూడండని నేను అడుగుతూ వచ్చింది ఇదే. ల్యాప్‌టాప్ బండికి తగిలించి కూర్చున్నాడు. మిర్యాలగూడ రోడ్డు మీద చాలాసేపు తిరిగాం, ఏమీ కాలేదు. నాకు టెన్షన్, ఆయనకు ఆకలి. తిరిగొస్తూ బత్తాయి మార్కెట్‌కు పోనిచ్చాను. (60 లక్షల కారేసుకుని మార్కెట్‌కెందుకని అడగొద్దు, నా వ్యాపారం అక్కడే.) లారీల మధ్య చక్రం పూర్తిగా తిప్పుతూ ఒక గుంతలో దిగామో లేదో స్టీరింగ్ పట్టేసింది.

ఆయన స్క్రీన్ నా వైపు తిప్పాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంటే స్టీరింగ్ మోటారును నడిపే మాడ్యూల్ దగ్గర గీత 9కి పడిపోయి ఉంది. అంటే మోటారుది కాదు, ర్యాకుది కాదు, మధ్యలో వైరుది. మెల్లగా పోతూ చక్రం తిప్పినప్పుడే ఆ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందట. సర్వీస్ సెంటర్‌లో బండి పైకెత్తి కనెక్టర్ ఊడదీస్తే నేనే చూశాను, రబ్బరు సీలు ఒక పక్క నలిగి ఉంది, పిన్ను మీద ఆకుపచ్చ చిలుము. కొత్త ర్యాకుకు పాత వైరింగే తగిలించారు, ఎందుకంటే వారంటీ కింద మార్చిన సామాన్ల లిస్టులో వైరింగ్ లేదు.

వైరింగ్ హార్నెస్, అంటే ఆ వైర్ల కట్ట మొత్తం కంపెనీ ఖర్చుతోనే మార్చారు. మార్చినట్టు జాబ్ కార్డు మీద రాయించాను, స్టీరింగ్‌కు వారంటీ పొడిగిస్తూ లెటర్ తీసుకున్నాను. ఆ తర్వాత ఎర్ర లైటు రాలేదు. టోయింగ్ బిల్లు, అన్నాళ్లూ కిరాయి కార్లకు పెట్టిన డబ్బు మాత్రం ఇచ్చేది లేదంటున్నారు. రెండేళ్ల గడువు ఇంకా ఉంది. ఫిర్యాదు కాపీ బామ్మర్ది దగ్గర తయారుగా ఉంది, దసరా సెలవుల తర్వాత వేస్తున్నాం.