ఆరో ఓడకు ఎన్ని గంటలు పట్టింది?

ఓడలు కట్టే పరిశ్రమ పెడుతున్నామని ఏ వర్ధమాన దేశం ప్రకటించినా వార్తల్లో మూడు సంగతులే ఉంటాయి. డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడ కట్టే పెద్ద గొయ్యి) ఎంత పొడవు, క్రేన్ ఎన్ని టన్నులు ఎత్తుతుంది, ఎంతమందికి ఉద్యోగాలొస్తాయి. నేను వెతికే అంకె వేరు. ఒకే నమూనా ఓడలు వరసగా ఎన్ని కడతారు? మొదటిదానికి పట్టిన పని గంటల్లో ఆరోదానికల్లా ఎన్ని తగ్గిస్తారు? ఆ ఊసు ఎక్కడా కనపడదు. నా ఉద్యోగమంతా షిప్‌యార్డుల ప్లానింగ్ విభాగాల్లో, ఈ గంటలు లెక్కపెట్టడంతోనే గడిచింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఎక్కువగా వినబడే మాట తీసుకుందాం. "మా దగ్గర కూలి తక్కువ, కాబట్టి ఓడ చవగ్గా కడతాం." ఓడ ఖర్చులో సగానికి పైగా బయటినుంచి కొనే సామగ్రిదే. స్టీలు ప్లేట్లు, ప్రధాన ఇంజను, జనరేటర్లు, పంపులు, కేబుళ్లు, పెయింటు. కొత్త దేశం వీటిలో చాలావాటిని దిగుమతి చేసుకోవాలి. ఇంజను ఫ్యాక్టరీ పక్కనే ఉన్న కొరియా యార్డుకు పడే ధరకు దానికి దొరకవు. ఇక మిగిలేది కూలి వాటా. జీతం మూడో వంతే అయినా, గంటలు మూడింతలు పడితే ఆ లాభం అక్కడికక్కడే చెల్లు.

గంటలు ఎక్కడ పోతాయో షాపు ఫ్లోర్ మీద నిలబడితే తెలుస్తుంది. పెద్ద ఓడను ముక్కలు ముక్కలుగా, బ్లాకులుగా విడిగా కట్టి డాక్‌లో కలుపుతారు. వెల్డింగ్ వేడికి ప్లేటు కుంచించుకుపోతుంది, వంకర పోతుంది. ఎంత కుంచించుకుంటుందో తెలిసిన యార్డు ఆ మేరకు ముందే కలిపి కోస్తుంది. తెలియని యార్డు ఎందుకైనా మంచిదని అంచులు పెద్దగా వదిలి, డాక్‌లో కూర్చోబెట్టాక కోస్తుంది.

నేను పనిచేసిన ఒక యార్డులో ఒక వరస ఓడల్లో మొదటిది కడుతున్నప్పుడు డబుల్ బాటమ్ (ఓడ అడుగున ఉండే రెండు పొరల భాగం) బ్లాకుల అంచులు దాదాపు అన్నీ డాక్‌లోనే కోయాల్సి వచ్చింది. క్రేన్ బ్లాకును పట్టుకుని అలాగే నిలబడేది. కింద ఫిట్టర్లు గ్యాస్ కటర్లతో కోసి, గ్రైండర్ పట్టి, మళ్లీ కొలిచి, మళ్లీ కోసేవాళ్లు. వెనకాల ఎక్కాల్సిన బ్లాకులన్నీ ఆగిపోయేవి. మా ఫోర్‌మన్ గారు ప్రతి బ్లాకు మీదా ఎన్ని మిల్లీమీటర్లు కోశారో సుద్దముక్కతో రాయించడం మొదలుపెట్టారు. ఆ అంకెలన్నీ నేను పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. ఓడ సగం లేచేసరికి ఒక సంగతి బయటపడింది. ఒకే రకం బ్లాకులు ప్రతిసారీ ఒకే వైపు, ఇంచుమించు ఒకే కొలతలో తగ్గుతున్నాయి. రెండో ఓడకు ఆ లెక్క డ్రాయింగుల్లోనే పెట్టాం. మూడో ఓడలో చాలా బ్లాకులు కోత అవసరం లేకుండా నేరుగా కూర్చున్నాయి. ఆ రోజు ఫిట్టర్ల మొహాల్లో చూసిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తు.

తర్వాత వచ్చిన ఆర్డరు వేరే రకం ఓడది. దాని తర్వాతది ఇంకో రకం. పుస్తకంలో ఉన్న అంకెల్లో చాలా భాగం పనికిరాకుండా పోయాయి. ఆ యార్డుకు డాక్ ఉంది, క్రేన్ ఉంది, మంచి పనివాళ్లున్నారు. వరస ఒక్కటే లేదు.

షిప్‌యార్డుల్లో ఇంకో లెక్క వాడుకలో ఉంది. షాపులో గంట పట్టే పని బ్లాకు మీద చేస్తే మూడు గంటలు, నీళ్లలో దించిన ఓడలో చేస్తే ఎనిమిది గంటలు. పైపులు, కేబుల్ ట్రేలు బ్లాకు దశలోనే బిగించాలంటే డ్రాయింగులు ముందే పూర్తవ్వాలి. పంపు కొలతలు పంపు తయారుచేసేవాడు ఇవ్వాలి. అడ్వాన్సు అందందే అతను ఇవ్వడు. ఇలా డిజైన్ ఆలస్యం అనుకున్నది తీగ లాగితే చాలాసార్లు డబ్బు ఆలస్యం దగ్గర తేలుతుంది.

ఆ డబ్బు ఎలా వస్తుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఓడ యజమాని సాధారణంగా ఐదు విడతల్లో కడతాడు. ఒప్పందం అప్పుడు, స్టీలు కోత మొదలైనప్పుడు, కీల్ (ఓడ అడుగు భాగం) వేసినప్పుడు, జలప్రవేశానికి, చివరికి అప్పగింతకు. అంటే నాలుగు విడతలు ఓడ చేతికి రాకముందే కట్టాలి. యార్డు మునిగితే ఆ సొమ్ము వెనక్కి ఇస్తామని ఒక బ్యాంకు రాసివ్వాలి. దీన్నే రీఫండ్ గ్యారంటీ అంటారు. యజమానికి, అతనికి అప్పిచ్చేవాళ్లకు ఆ బ్యాంకు మీద నమ్మకం లేకపోతే ధర ఎంత తగ్గించినా ఆర్డరు రాదు. వర్ధమాన దేశంలో ప్రభుత్వం చేయగలిగిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ గ్యారంటీ వెనక నిలబడటం. కాంక్రీటు పోయడం దాని తర్వాతే.

కొరియా కథలో యార్డు లేకుండానే ఆర్డరు తెచ్చిన హ్యుందాయ్ వ్యవస్థాపకుడు చుంగ్ జు-యుంగ్ ధైర్యం గురించే అందరూ చెబుతారు. 1972లో ఉల్సాన్‌లో పనులు మొదలయ్యాయి. ఒకపక్క డాక్ తవ్వుతూనే గ్రీకు యజమాని లివనోస్ కోసం చెరి 2,60,000 టన్నుల ట్యాంకర్లు రెండు కట్టారు. డ్రాయింగులు బ్రిటన్‌లోని స్కాట్ లిత్‌గో నుంచి, పని నేర్పింది జపాన్‌లోని కవాసాకి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాత జరిగింది. 1973 చమురు సంక్షోభంతో ట్యాంకర్ల బేరం కుప్పకూలింది. కొన్నవాళ్లు వద్దన్న ఓడలు మిగిలిపోతే, హ్యుందాయ్ 1976లో సొంత షిప్పింగ్ కంపెనీ పెట్టి వాటినే నడిపింది. యార్డు పని ఆగలేదు, నేర్చిన చేతులు చెదరలేదు.

అంతకుముందు జపాన్‌దీ ఇలాంటి దారే. 1951లో అమెరికన్ ఓడల యజమాని డేనియల్ లుడ్విగ్ కురే నౌకాదళ యార్డును అద్దెకు తీసుకున్నాడు. అక్కడ లుడ్విగ్ తరఫున ఎల్మర్ హాన్ నడిపిన వెల్డింగ్, బ్లాకు పద్ధతులు మిగతా జపాన్ యార్డులకూ పాకాయి. 1956కల్లా ఓడల తయారీలో జపాన్ బ్రిటన్‌ను దాటేసింది.

దెబ్బతిన్న దేశాల గురించీ చెప్పాలి. వియత్నాంలో ప్రభుత్వం 2005లో విదేశాల్లో బాండ్లు అమ్మి తెచ్చిన 75 కోట్ల డాలర్లు ప్రభుత్వ ఓడల తయారీ సంస్థ వినాషిన్ చేతిలో పెట్టింది. ఆ సంస్థ ఓడలతో సంబంధం లేని వ్యాపారాల్లోకీ విస్తరించి, 2010 చివర్లో విదేశీ అప్పు వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. బ్రెజిల్‌లో జోవా కాందిదో ట్యాంకరుకు 2010లో ఘనంగా జలప్రవేశం చేశారు, అప్పగించింది 2012లో. ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. కొరియా కంపెనీ హాన్‌జిన్ కట్టిన ఆ యార్డులో ఫిలిపినో పనివాళ్లు 20,000 కంటెయినర్లకు పైగా మోసే ఓడలు కట్టి చూపించారు. చేతి పనిలో ఏ లోటూ లేదు. ఆర్డర్లు తేవడం, డబ్బు నడపడం మాత్రం మాతృసంస్థ చేతిలో ఉన్నాయి. 2019 జనవరిలో యార్డు అప్పులు తీర్చలేక కోర్టుకెక్కితే, ఆ వెల్డర్లను ఒక్కచోట నిలిపి ఉంచే ఏర్పాటు దేశంలో లేకపోయింది.

నన్నడిగితే కొత్త దేశం భారీ ట్యాంకర్ల జోలికి పోకూడదు. మరమ్మతు యార్డుతో మొదలుపెట్టాలి. అక్కడ డబ్బు త్వరగా తిరుగుతుంది, వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు రకరకాల ఓడల లోపలికి దూరి పని నేర్చుకుంటారు. తర్వాత ఒక్క రకం ఓడ ఎంచుకోవాలి, ధాన్యం, బొగ్గు లాంటి విడి సరుకు మోసే మధ్యస్థ బల్క్ క్యారియరో, చిన్న కంటెయినర్ ఓడో. వేర్వేరు ప్రభుత్వ శాఖలు తలా ఒక రకం అడగకుండా అవసరాలన్నీ కూడగట్టి, ఒకే డిజైన్ మీద ఆరో ఎనిమిదో ఓడల ఆర్డరు ఒకేసారి ఇవ్వాలి. రాయితీకి షరతు ఉండాలి: మూడో ఓడకల్లా గంటలు ఇంత తగ్గాలి, ఫలానా ఏడాదికల్లా విదేశీ కొనుగోలుదారుడు రావాలి. రెండూ జరగకపోతే రాయితీ ఆపేయాలి. ఇది రాజకీయంగా కష్టమని నాకు తెలుసు, వేలమంది జీతాలు దాని మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఆ షరతు మొదటి ప్లేటు కోయకముందే కాగితం మీదికి రావాలి.

ప్రజల డబ్బుతో నడిచే యార్డు ప్రతి ఓడకూ పట్టిన పని గంటలు, డాక్‌లో గడిచిన రోజులు ఏటా బయటపెట్టాలి. వ్యాపార రహస్యమని అభ్యంతరం చెబుతారు. ధరలు, కొనుగోలుదారుల పేర్లు దాచుకోమనండి. ఓడ రకాన్ని బట్టి సరిచేసిన టన్నేజీలో ఒక్కో టన్నుకు ఎన్ని గంటలు పట్టాయో, ఓడ తర్వాత ఓడకు వరసగా చూపిస్తే చాలు.