ప్యానెళ్ల ధర అడిగే ముందు

భీమవరం, తణుకు, మండపేట, అమలాపురం చుట్టుపక్కల ఉన్న రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, కొబ్బరి పీచు యూనిట్ల వారికి సోలార్ పెట్టుకోవడంలోనూ, కరెంటు ఖర్చు అదుపు చేసుకోవడంలోనూ సాయపడటం నా వృత్తి. ఫోను చేసిన యజమానుల్లో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "కిలోవాటుకి ఎంతవుద్దండి?" ఆ జవాబు చెప్పడం తేలికే. అయితే మీ యంత్రాలు ఏ గంటలో ఎంత కరెంటు తీసుకుంటున్నాయని నేను తిరిగి అడిగే ప్రశ్నకు జవాబు దొరికితే గాని ఎన్ని కిలోవాట్లు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేలదు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అందులో ఎక్కువ భాగం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపే వచ్చేస్తుంది. ఆ వేళకు మీ మోటార్లు తిరుగుతున్నాయా, తాళం వేసి ఉన్నాయా అన్నదాని మీదే మిగతా లెక్కంతా ఆధారపడుతుంది.

పోయిన వేసవిలో భీమవరం దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని నూరు కిలోవాట్లు పెట్టించమని కబురు చేశారు. వయసులో పెద్దవారు, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ధర చెప్పకుండా, ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే ఉండి గంటగంటకూ మీటరు రాసుకుంటానన్నాను. ఉప్పునీటి తొట్టిలో వరుసలుగా దించిన డబ్బాలు, వాటి మీద చెక్క మూతలు, పక్కగదిలో ఆగకుండా తిరిగే అమ్మోనియా కంప్రెసర్లు. అర్ధరాత్రి దాటాక తొట్టి మీద నడుస్తుంటే కొన్ని మూతల కింద నుంచి చలి పాదాలకు తగిలింది. పలక విరిగిన ప్రతిచోటా, డబ్బు పెట్టి చేసిన చలి గాలిలో కలిసిపోతోందన్నమాట. తెల్లవారాక కండెన్సర్ గొట్టాల మీద గోటితో గీకితే సున్నపు పొర పెచ్చులుగా ఊడివచ్చింది. ఆ పొర వల్ల గొట్టాల్లోని వేడి బయటకు పోదు, దాంతో కంప్రెసర్ మీద పీడనం పెరుగుతుంది, అదే ఐసు దిమ్మకు ఎక్కువ కరెంటు పడుతుంది. సోలార్ పెట్టినంత మాత్రాన ఈ నష్టం పోదు, కాకపోతే దాన్ని సూర్యుడి ఖాతాలో రాసుకుంటామంతే. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ తన చిన్న పరిశ్రమల కార్యక్రమానికి ఎంచుకున్న సమూహాల్లో భీమవరం ఐసు ఫ్యాక్టరీలు కూడా ఉండటానికి కారణం ఇలాంటి చోట్ల పొదుపుకు అవకాశం ఎక్కువగా ఉండటమేనని నా నమ్మకం.

ఐసు ఫ్యాక్టరీకి మరో సౌలభ్యం ఉంది. దానికి బ్యాటరీ వేరే అక్కర్లేదు, దిమ్మే బ్యాటరీ. పగలు ఎండ ఉన్నంతసేపూ కంప్రెసర్లను నిండుగా నడిపి ఉప్పునీటిని బాగా చల్లబరచుకుంటే, యూనిట్ ధర ఎక్కువగా ఉండే సాయంత్రం 6 నుంచి 10 గంటల మధ్య హెచ్‌టీ (హై టెన్షన్, అంటే పెద్ద వాడకందార్లకు ఎక్కువ వోల్టేజీలో ఇచ్చే) కనెక్షన్ ఉన్నవారు కొంతసేపైనా వాటిని ఆపుకోవచ్చు. తొట్టి ఆ చలిని నిలుపుకుంటుంది, మూతలు సరిగా ఉంటేనే సుమా.

చేపల, రొయ్యల చెరువుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని వాడుకుంటుంది. అందుకే నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల అవసరం అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఎక్కువ, అప్పుడు ఎండ ఉండదు. లైనుకిచ్చినదీ తీసుకున్నదీ రెండూ లెక్కించే నెట్ మీటరు ఉంటే పగలు లైనుకిచ్చిన యూనిట్లను రాత్రి వాడకంలో సర్దుకోవచ్చు గాని, ఆక్వా జోన్‌లో ప్రభుత్వ రాయితీతో యూనిట్ 1.50 రూపాయలకే అందుతున్న రైతుకు ప్యానెళ్ల పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అలాంటి రైతు అడిగితే వద్దనే చెబుతున్నాను. ఆయన రాత్రుళ్లు డీజిలు మీద పెడుతున్న ఖర్చు, అరిగిపోయిన గేరుబాక్సులు, పాత మోటార్లు ముందు చూసుకోవాలి.

రైసు మిల్లుకు పగటి వాడకం బాగానే ఉంటుంది. అయినా నేను పెద్ద తప్పు చేసింది ఒక రైసు మిల్లులోనే, వృత్తిలోకి వచ్చిన కొత్తలో. ప్యానెళ్లు లెక్క ప్రకారమే పనిచేస్తున్నా బిల్లు అనుకున్నంత తగ్గలేదు. కారణం పవర్ ఫ్యాక్టర్, అంటే లైను మీద పడే మొత్తం భారంలో నిజంగా పనిచేసే కరెంటు వాటా. మోటార్లు 100 కిలోవాట్ల అసలు కరెంటుతో పాటు అయస్కాంత క్షేత్రం కోసం 60 కిలోవార్ల రియాక్టివ్ కరెంటు కూడా లాగుతున్నాయనుకోండి. ఈ రెండూ నేరుగా కూడవు, వాటి వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి. అప్పుడు లైను మీద పడే మొత్తం భారం, దాన్నే కేవీఏలో కొలుస్తారు, దాదాపు 117 కేవీఏ. సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే లైను నుంచి వచ్చే అసలు కరెంటు 30కి పడిపోతుంది గాని, ఆ 60 అలాగే ఉండిపోతుంది. భారం 67 కేవీఏ అవుతుంది, అంటే తగ్గినది 70 కాదు, 50 మాత్రమే. పవర్ ఫ్యాక్టరేమో 0.86 నుంచి 0.45కు దిగిపోతుంది. హెచ్‌టీ బిల్లు కేవీఏ, దాని గంటల లెక్క అయిన కేవీఏహెచ్ మీద వస్తుంది కాబట్టి ఆ తేడాను యజమానే భరించాలి. ఆ రియాక్టివ్ కరెంటును మిల్లులోనే అందించే కెపాసిటర్ల పెట్టెను కొత్తగా సర్ది, సోలార్ కరెంటును లైను కరెంటుగా మార్చే ఇన్వర్టర్లలో అవసరమైన మార్పులు చేయించేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు కెపాసిటర్లు చూడకుండా ఏ మిల్లుకూ అంచనా ఇవ్వను.

పైకప్పు విషయంలో నేను రాజీపడను. కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. కోనసీమలో ఆ చోటు దొరకడమే కష్టం, ఎటు చూసినా కొబ్బరి చెట్లే. ఒక్క మట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, దానితో వరుసగా కలిపిన మిగతా ప్యానెళ్ల ఉత్పత్తి కూడా కుంగిపోవచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపాను ఇక్కడి ఇళ్లనూ తోటలనూ ఏం చేసిందో చూసినవారికి, ప్యానెళ్ల స్టాండులకు గాలి తాకిడి లెక్క ఎందుకు కట్టాలో నేను చెప్పనక్కర్లేదు. పాత సిమెంటు రేకుల మీద, కింద వాటిని మోసే ట్రస్సుల (ఇనుప చట్రాల) బలం చూడకుండా ఎవరైనా బిగిస్తామంటే ఒప్పుకోకండి.

కరెంటు పోతే సోలార్ నడుస్తుందిగా అని చాలామంది అనుకుంటారు. మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ లైను పోగానే తానూ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 78,000 రూపాయల దాకా ఇచ్చే రాయితీ ఇళ్లకే గాని వ్యాపారాలకు కాదు. వ్యాపారికి ఉన్న ప్రయోజనం ఆదాయపు పన్నులో సోలార్‌పై 40 శాతం తరుగుదల చూపుకోగలగడం, దాని లెక్క మీ ఆడిటరు గారితో ముందే కట్టించుకోండి.

ఐసు ఫ్యాక్టరీ బాబాయ్ గారు నా నోటుపుస్తకం రెండుసార్లు తిరగేసి, నూరు కిలోవాట్ల మాట వదిలి అరవైకి ఒప్పుకున్నారు. మిగిలిన డబ్బులో కొంత కండెన్సర్ గొట్టాలకూ, కొత్త చెక్క మూతలకూ పోయింది. మొదట వచ్చింది వడ్రంగి, ప్యానెళ్లు ఆ తర్వాత నెలలో ఎక్కాయి. ఇప్పటికీ గంటగంటకూ రీడింగు రాసే పని ఆపలేదు, ఆ పుస్తకం కంప్రెసర్ గది తలుపుకు తాడుతో వేలాడుతూ ఉంటుంది.