గాడిద లద్దెకు లెక్క లేదు

మా పుట్టిల్లు కదిరి పక్కన, అత్తిల్లు తెనాలి పక్కన. అక్కడ ఎర్రనేల, వేరుశనగ. ఇక్కడ నల్లరేగడి, వరి, మినుము. తిండి దగ్గర్నుంచి తిట్టు దాకా దేంట్లోనూ కలవని ఈ రెండు ఊళ్లూ ఒక్క విషయంలో మాత్రం ఒకటే మాట: గాడిద లద్దె ఎరువేంటి, గాడిద గుడ్డు!

ఆవుది పేడ, గొర్రెవి పెంటికలు, కోడిది రెట్ట, గాడిదది లద్దె. దేనికదే పేరు పెట్టుకున్నాం కానీ చివరిదానికి ధర మాత్రం పెట్టలేదు.

మా నాన్న వేరుశనగ పీకించాక ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించేవాడు. ఎన్ని గొర్రెలు, ఎన్ని రాత్రులు అని బేరం. మంద వెంట వలలు, గిన్నెలు, అప్పుడే పుట్టిన పిల్లల్ని మోసుకుంటూ రెండు మూడు గాడిదలూ వచ్చేవి. రాత్రంతా అవీ ఆ చేలోనే ఉండేవి. తెనాలి వచ్చాక చూస్తే ఇక్కడా అదే తంతు. వేసవిలో పాలమూరు నుంచి మంద వచ్చినప్పుడు ఉండబట్టలేక పెద్దాయన్ని అడిగాను, గాడిదలక్కూడా లెక్క కడతారా అని.

"గాడిదలకు లెక్కేందమ్మా, అవి సామాన్లు మోసెటియి గదా" అన్నాడు.

"వాటికి నువ్వు విడిగా ఇచ్చుకో అమ్మాయ్" అని మా మామగారు ఒకటే నవ్వు.

ఆ పంతంతోనే పెరట్లో వంకాయ మడికి లద్దె వేద్దామనుకున్నా. మా వెనక వీధిలో బట్టలు ఉతికే ఆయనకు రెండు గాడిదలున్నాయి. అడగ్గానే, "తీసుకెళ్లండమ్మా, ఎత్తిపోసే బాధ తప్పుద్ది" అన్నాడు. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, నువ్వెంత అని మా ఆయన ఎత్తిపొడుపు.

ఒక ఉండ విరిచి చూశాను. పేడలా జిగటగా లేదు. ఎండుగడ్డి రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచినట్టు లోపలంతా పీచే. గాడిద నెమరు వెయ్యదు కదా, తిన్న గడ్డి చాలావరకు పీచుగానే బయటికొస్తుంది. మా రేగడి తడిస్తే బంక, ఎండితే రాయి. ఈ పీచు పడితే గుల్లబారుతుందని నా లెక్క.

నేల గుల్లబారింది నిజమే. వంగ మొక్కలూ బాగానే నిలబడ్డాయి. కానీ వాటి చుట్టూ గునుగు మొలిచింది చూడండి, మడి నిండా! గాడిద తిన్న గింజలన్నీ చెక్కుచెదరకుండా నా మడికి చేరాయి. నెల రోజులు నడుం విరిగేలా పీకాను.

తమాషా ఏంటంటే, రెండు వేల ఏళ్ల కిందట కొలుమెల్లా అనే రోమన్ రైతు కూరగాయల తోటకు గాడిద ఎరువే మేలని రాశాడు. కారణం, అందులో కలుపు తక్కువ పుడుతుందట! గాడిద నిదానంగా నములుతుంది కాబట్టి బాగా అరుగుతుందని ఇంకోచోట అన్నాడు. ఆయన గాడిదలు ఏం మేశాయో కానీ మా వీధి గాడిదలు గోడ పోస్టర్లు కూడా వదలవు.

రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా దగ్గర మొలేలా అని కుమ్మరుల ఊరుంది. వాళ్లు దేవుడి బొమ్మలు చేసే మట్టిలో గాడిద లద్దె కలుపుతారు, కాల్చేటప్పుడు పగలకుండా. అక్కడ దేవుడి ఒంట్లో చేరుతోంది, ఇక్కడేమో వంకాయకు పనికిరాదంటున్నారు.

రెండోసారి పచ్చిది వెయ్యలేదు. కుప్ప పోసి, తడిపి, గోనెపట్టా కప్పాను. మూడో రోజు చెయ్యి పెడితే ఉడుకుతున్న అన్నంలా వేడి. ఆ వేడికి గింజలు చస్తాయి, అప్పుడప్పుడూ తిరగెయ్యాలి అంతే. ఇంకో మాట, గాడిద, గుర్రం పేడల్లో ధనుర్వాతం తెచ్చే క్రిమి ఉంటుంది. చెప్పుల్లేకుండా మడిలో దిగొద్దు, టీటీ ఇంజెక్షన్ వాయిదా వెయ్యొద్దు.

కుప్ప మాగింది కానీ మళ్లీ పోద్దామంటే లద్దె దొరకడం లేదు. దేశంలో 2012 పశుగణనలో 3 లక్షల పైచిలుకు ఉన్న గాడిదలు 2019కి లక్షా పాతిక వేల లోపుకి పడిపోయాయి. మా వెనక వీధి ఆయన కూడా ఒకదాన్ని అమ్మేసి పాత మోపెడ్ కొన్నాడు. మొన్న తట్ట పట్టుకుని వెళితే మిగిలిన గాడిద వైపు చూపించి, "ఒక్కదానిదే అమ్మా, వారానికోసారి రండి" అన్నాడు.