సైకిలు చెడిపోలేదు

ఈ ఉదయం చంద్రగిరి కోట చేరకుండానే వెనక్కి తిరిగాను. దారిలో రోజూ ఆగే టీ కొట్టతను "ఏం సార్, సైకిలు చెడిపోయిందా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు యాత్ర) ఉంది, అందుకే తొక్కడం తగ్గించానంటే నమ్మలేదు. పరీక్ష ముందు పుస్తకం మూసేసిన కుర్రాణ్ని చూసినట్టు చూశాడు.

నిరుడు నేనూ అతనిలాగే ఆలోచించాను. 20 గంటల గడువులో ముగించగలనో లేదోనన్న బెంగతో, సరిగ్గా వారం ముందు శ్రీకాళహస్తి వెళ్లొచ్చి, అదీ చాలదన్నట్టు పుత్తూరు దాకా తొక్కాను. ఆ రాత్రి భలే నిద్ర పట్టింది. అసలు రోజున 180 కిలోమీటర్ల దగ్గర తొడలు తడి ఇసుక బస్తాలయ్యాయి. వారంలో కొత్త బలం రాదు, అలసట మాత్రం వెంట వస్తుంది. ఈ సంగతి చింతచెట్టు కింద కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

ఈసారి వారానికి 240 కిలోమీటర్లు ఉన్నదాన్ని 140 చేశాను, ఇప్పుడు 90. తొక్కే రోజులు తగ్గించలేదు, దూరమే తగ్గించాను. వేగం జోలికీ పోలేదు. బుధవారం అలిపిరి వైపు ఎత్తులో నాలుగేసి నిమిషాలు మూడుసార్లు ఊపిరి అందనంతగా తొక్కి, ఇంటికి వచ్చేశాను. పూర్తిగా మానేస్తే కాళ్లు మొద్దుబారతాయి.

కష్టమంతా మిగిలిన గంటలతోనే. ఎన్నడూ లేనిది ఎడమ మోకాలు టిక్కుమంటోంది. గొంతులో గరగర. గొలుసు ఇప్పటికి మూడుసార్లు కడిగాను. కొత్త సీటు కొందామని కూడా బుద్ధి పుట్టింది, కష్టం మీద అణచుకున్నాను. బరువు కిలో పెరిగింది. కండరాల్లో గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, నిండుతున్నప్పుడు ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుందని తెలుసు, అయినా రోజుకు రెండుసార్లు తూకం ఎక్కుతున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, ఆ చక్రం తిప్పింది చాలు. కొత్తిమీర తెచ్చిపెట్టండి" అంది. సైకిలు వైపు చెయ్యి చాచాను.

"నడిచే వెళ్లండి."