జుమేరాత్ బజార్‌లో దొరికిన జాకెట్ ఏ దేశానిది?

మా బావమరిది హైదరాబాద్‌లో పాత సామాన్ల సంత జుమేరాత్ బజార్‌లో ఆలివ్ గ్రీన్ మిలిటరీ జాకెట్ ఒకటి కొన్నాడు, అమ్మినాయన మన ఆర్మీదే సార్ అని ఒట్టేసి మరీ చెప్పాడంట. మన ఆర్మీదైతే మేజర్ భుజం మీద సింహాల ముద్ర ఉంటుంది, 1950కి ముందైతే అక్కడ కిరీటం ఉండేది. దీనికేమో రెండు చేతుల మీదా బుల్లి జెండా, పైనుంచి నలుపు, ఎరుపు, పసుపు, అడ్డ చారలు. అంటే జర్మనీ. నిలువుగా నలుపు, పసుపు, ఎరుపు ఉంటే బెల్జియం, చాలామంది ఇక్కడే కన్‌ఫ్యూజ్ అవుతారు.

కానీ జెండాదేముంది, ఏ టైలరైనా కుట్టిస్తాడు, అందుకే నేనైతే లోపలి లేబులే నమ్ముతా. అందులో 13 అంకెల నాటో స్టాక్ నంబర్ (నాటో కూటమి సైన్యాలు తమ సామాన్లకి వేసుకునే కోడ్) ఉంది, మొదటి నాలుగూ వస్తువు రకం (8405 అంటే మగాళ్ల పైబట్టలు), ఆ తర్వాతి రెండూ నంబర్ ఇచ్చిన దేశం, 12 జర్మనీ, 99 బ్రిటన్, 14 ఫ్రాన్స్, 00 లేదా 01 అమెరికా. దీని మీద 12 క్లియర్‌గా కనిపిస్తోంది, ఇంకేం డౌట్ లేదు.

లేబుల్ కోసేసి ఉంటే మాత్రం జెండా అంచు కొంచెం లేపి చూడండి, చుట్టూ గుడ్డ వెలిసిపోయి కింద ముదురుగా ఉంటే అది నిన్నమొన్న కుట్టింది కాదు.