రెండో కాన్పుకి ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలి

"తొలికాన్పు డేటు దాటిన వారానికి అయింది, ఇదీ అంతే కదా?" ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వైపు నెలలు నిండిన చూలింత ఉన్న ఏ ఇంట్లోనైనా వినపడే మాట ఇది. సగం నిజమే. మిగతా సగాన్ని నమ్ముకుని కూర్చుంటే కాన్పు ఆటోలో అయిపోతుంది.

ముందు తేదీ సంగతి చూద్దాం. ఆఖరి నెలసరి మొదటి రోజుకి 280 రోజులు కలిపితే వచ్చేదే కార్డు మీద రాసే కాన్పు తేదీ. చేతి లెక్కయితే ఏడు రోజులు, తొమ్మిది నెలలు కలపడమే. 2025 జనవరి 12న నెలసరి వస్తే అక్టోబరు 19. పెద్దవాళ్ళు చెప్పే తొమ్మిది నెలల తొమ్మిది రోజులు వేస్తే అక్టోబరు 21 వస్తుంది. అంటే రెండు రోజులే తేడా, కాబట్టి ముసలమ్మల లెక్కని వెక్కిరించనక్కర్లేదు. సరిగ్గా ఆ తేదీకే పుట్టేది నూటికి నలుగురైదుగురు. ఈ లెక్కలో 37 వారాలు నిండేది సెప్టెంబరు 28కి. అప్పటి నుంచి నెలలు నిండినట్టే. అక్టోబరు 26కి 41 వారాలు నిండుతాయి. అదీ దాటితే ఇంట్లో ఎదురుచూడకుండా డాక్టరు చేతిలో ఉండాలి.

తొలిచూలు బిడ్డలు డేటు దాటడం ఎక్కువ. మలిచూలు వాళ్ళు సగటున కొద్ది రోజులు ముందు వస్తారు. కానీ అది వేలమంది మీద తీసిన సగటు, మీ కోడలికి అలాగే అవుతుందని కాదు. అంతకన్నా పట్టించుకోవాల్సింది ఇంకోటుంది. మొదటిసారి 37 వారాల లోపే పుట్టేస్తే మళ్ళీ అలా అయ్యే అవకాశం పెరుగుతుంది. బాగా దాటిపోయి పుడితే అదీ తిరిగొచ్చే గుణమే. మొదటి కాన్పు ఎన్ని వారాలకి అయిందో చిన్న చీటీ మీద రాసి, మొదటి చెకప్ రోజునే చూపించాలి.

మలికాన్పులో తేదీయే తప్పయ్యే వీలు కూడా ఎక్కువ. పెద్దబిడ్డకి పాలిస్తుండగా నెలసరి సరిగా రాదు. ఒక్కోసారి అసలు రాకుండానే కడుపు నిలుస్తుంది. అలాంటప్పుడు "ఆఖరి నెలసరి" అని ఏదో ఒక అమావాస్య చెప్పేస్తే, ఆ ఉజ్జాయింపే కార్డు మీదకెక్కుతుంది. 14 వారాల లోపు స్కాన్ తీయిస్తే తేడా 5 నుంచి 7 రోజులు మించదు. ఎనిమిదో నెలలో మొదటి స్కాన్ తీయిస్తే మూడు వారాల దాకా అటూ ఇటూ అవుతుంది. రెండో స్కాన్‌లో తేదీ మారిందని కంగారు పడతారు గానీ, తొలి స్కాన్ తేదీయే లెక్క. కార్డు ఒడియాలో ఉంటుంది కాబట్టి ఆశా దీదీ చేత తేదీ చదివించుకుని, ఇంట్లో క్యాలెండరు మీద తెలుగులో గుర్తు పెట్టుకోండి.

ఇక గంటలు. అసలు తేడా ఇక్కడే. తొలికాన్పులో గర్భసంచి మూతి ముందు పలచబడి, ఆ తర్వాత తెరుచుకుంటుంది. ఒకసారి బిడ్డ వచ్చిన దారిలో ఈ రెండూ కలిసే జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిన లెక్క ప్రకారం, మూతి 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక పూర్తిగా తెరుచుకోవడానికి తొలికాన్పులో మామూలుగా 12 గంటలు దాటదు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలు. ముక్కడం మొదలయ్యాక తొలిసారి మూడు గంటల లోపు, తర్వాత రెండు గంటల లోపు. అవి పైహద్దులు. మలికాన్పుల్లో చాలావరకు అంతకన్నా బాగా ముందే అయిపోతాయి. 6 సెంటీమీటర్లు దాటాక మరీ జోరు.

"పొట్ట ఇంకా జారలేదు, కంగారేం లేదు" అనే అత్తగారి మాట మలికాన్పులో పనికిరాదు. తొలిచూలులో బిడ్డ తల కాన్పుకి రెండు మూడు వారాల ముందే కిందికి దిగడం మామూలు. రెండోసారి చాలామందికి నొప్పులు మొదలయ్యాకే దిగుతుంది.

దొంగనొప్పులు కూడా ఈసారి ముందుగా, ఎక్కువగా తెలుస్తాయి. వాటిని పోల్చుకోవాలంటే అరచెయ్యి బొడ్డు పైన వేసి ఉంచాలి. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా ఫోన్‌లో టైము చూడాలి. చాలామంది నొప్పి ఆగినప్పటి నుంచి లెక్కపెట్టి తప్పు చేస్తారు. చేతి కింద పొట్ట ముక్కు కొనలా మెత్తగా ఉంటే ఇంకా తేలికే. గడ్డంలా ఉంటే మధ్యరకం. నుదురులా గట్టిపడుతుంటే అసలు నొప్పులే. నీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి, ఎడమవైపు తిరిగి పడుకున్నా తగ్గకుండా దగ్గరవుతుంటే అవి దొంగవి కావు.

తొలికాన్పుకి ఐదు నిమిషాలకోసారి, నిమిషం పాటు, గంటసేపు నొప్పులొస్తే బయల్దేరమంటారు. ఆస్పత్రి పక్కనే ఉన్నవాళ్ళకి ఆ లెక్క సరే. మలికాన్పుకి మాత్రం పది నిమిషాలకోసారి క్రమంగా వస్తున్నాయంటే లేచిపోవాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడనే కూడదు. పర్లాకిమిడి ఊళ్ళో ఉంటే జిల్లా ఆస్పత్రి దగ్గరే, సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం ఎదురుగానే. మోహన, సెరంగో కొండల్లో ఊళ్ళ సంగతి వేరు. బండి పైకి రావడానికి పట్టే టైము, దిగడానికి పట్టే టైము రెండూ కలుపుకోవాలి. బరంపురంలోని పెద్దాస్పత్రి, ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పంపాలంటే పర్లాకిమిడి నుంచే వంద కిలోమీటర్ల పైమాట. అలాంటి ఊళ్ళవాళ్ళ కోసమే ఒడిశాలో 'మా గృహ' అనే సర్కారు వసతి ఇళ్ళున్నాయి ('మా' అంటే ఒడియాలో అమ్మ). తేదీకి వారం పది రోజుల ముందే వెళ్ళి ఉండొచ్చు, తిండీ ఉండటమూ ఉచితం. మలికాన్పుకే ఇది ఎక్కువ అవసరం. చిత్రంగా తొలికాన్పుకే పంపుతారు.

102కి గానీ 108కి గానీ ఫోన్ చేసినప్పుడు ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, ఆ తర్వాతే ఊరు చెప్పండి. సరిహద్దులో ఒకే పేరుతో ఊళ్ళుంటాయి. తొలికాన్పు కన్నవారింట్లో కాబట్టి మనుషులకి కొదవుండదు. ఇది అత్తవారింట్లో. రాత్రి రెండింటికి పెద్దబిడ్డని ఎవరికి అప్పజెప్పాలో తేలక అరగంట పోతుంది. ఆ ఇల్లు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

దారిలోనే వచ్చేస్తే కాళ్ళు దగ్గరకి బిగించి ఆపకూడదు. బండి పక్కకి ఆపి, ఆమెని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కనపడగానే ముక్కకుండా చిన్న చిన్న ఊపిరి తీయమనండి. బిడ్డని లాగొద్దు. పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, తల్లి ఛాతీ మీద వేసి ఇద్దరినీ కప్పాలి. బొడ్డుతాడు కొయ్యొద్దు, మాయని లాగొద్దు.

మొదటిది ఆపరేషన్ అయితే పైన చెప్పిన ఎదురుచూపులేవీ వర్తించవు. మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు గానీ, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. ఆపరేషన్ థియేటరు, రక్తం రెండూ ఉన్నచోటే ఆ ప్రయత్నం చెయ్యాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత నొప్పులు పెరిగే సూది వేయించడం కుట్టు ఉన్నా లేకున్నా ప్రమాదమే. మలిచూలు గర్భసంచి ఆ సూదికి చిరిగిపోవచ్చు.

కాన్పయ్యాక బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి తొలిసారి కన్నా గట్టిగా వస్తుంది. గర్భసంచి ముడుచుకుంటోందన్నమాట, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే మాత్రం అది నొప్పి సంగతి కాదు. అప్పటికప్పుడు నర్సుని పిలవండి.